పారే నీరు, వచ్చే వరద

సార్వా నాట్ల వేళ రామచంద్రపురం చుట్టుపక్కల ఏ గట్టు మీద ఇద్దరు కలిసినా మాట నీళ్ల మీదికే పోతుంది. “బోదె పారుతుందా బాబాయ్?” అని ఒకరు. “రాత్రంతా పారిందిరా, తెల్లారేసరికి సన్నబడిపోయింది” అని ఇంకొకరు. పై చేలు పారితే గానీ కింద చేలకు రాదు. కాలువ కింద పొలమైతే పారకం, ఇంజను పెట్టి తోడుకోవాల్సి వస్తే ఎత్తిపోత. నీళ్లు పంచే ప్రభుత్వ శాఖకు కూడా నీటిపారుదల అనే పేరు పెట్టుకున్నాం. ఇక్కడి సేద్యమంతా ‘పారు’ అనే రెండక్షరాల క్రియ మీద నడుస్తుంది.

అదే క్రియ పొలం దాటి ఊళ్లోకి వస్తే వేరే పనులు చేస్తుంది. దొంగ పారిపోతాడు. చిరిగిన చాప పారేస్తాం. ఎత్తు ఫలించకపోతే పాచిక పారలేదంటాం. దొంగకీ, చాపకీ, పాచికకీ, బోదెలో నీళ్లకీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? భాషాశాస్త్రం ఇచ్చే జవాబు చిన్నది: పరుగు. పారడమంటే మొదట పరిగెత్తడమే. దొంగ పరిగెత్తి పోయాడు, పాచిక పరిగెత్తి పడింది, వద్దనుకున్న వస్తువు కంటికి కనపడకుండా పోయేలా వేశాం. మనుషులకు సంబంధించినంత వరకు ఆ అర్థం ‘పారిపోవు’లో మాత్రమే మిగిలింది. నీటికి సంబంధించి మాత్రం చెక్కుచెదరలేదు. నీళ్లను చూసి పరిగెడుతున్నాయన్న జాతి మనది. ఆ మాట ఎంత పాతదో, నీటి నడక గురించి అది ఎంతవరకు నిజం చెబుతోందో ఈ అధ్యాయంలో చూద్దాం.

ముందు అక్షరం సంగతి. ఇవాళ మనం ‘పారు’ అని మామూలు రకారంతో రాస్తున్నాం. పాత రాత ‘పాఱు’. బడిలో బండి ర అని చెప్పి దాటేసే ఈ ఱకారం ఒకప్పుడు అలంకారానికి పెట్టిన అక్షరం కాదు, వేరే ధ్వని. రాజరాజ నరేంద్రుడి కాలానికి (1022–1061) రాజమహేంద్రవరంలో నన్నయ రాసేటప్పుడు ర, ఱ రెండూ వేరుగానే ఉన్నాయి, కవులు వాటిని కలిపి ప్రాస వేసేవారు కారు. రామచంద్రపురం నుంచి కాసేపట్లో చేరుకునే ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో గోడల మీద, స్తంభాల మీద వందల శాసనాలున్నాయి. పాత తెలుగు అక్షరాలను కళ్లారా చూడాలనుకునే గోదావరి డెల్టా వాళ్లు ఎక్కడికో పోనక్కర్లేదు.

ఈ అక్షరం పోవడం వల్ల చిక్కు ఒకటి వచ్చిపడింది. రాతలో ఒకేలా కనిపించే మాటలన్నీ ఒక కుటుంబమే అనిపిస్తుంది. పారంగతుడు, పారావారం అనే మాటలున్నాయి. వీటిలోని ‘పారం’ సంస్కృతం, దాని అర్థం అవతలి ఒడ్డు. ఏటి పక్కన పుట్టినట్టు కనిపించినా వీటికీ మన పాఱుకీ చుట్టరికం లేదు. ఱకారం బతికి ఉంటే ఈ పొరపాటుకు తావే ఉండేది కాదు. అందుకే మాటల పుట్టుక వెతికేవాళ్లకు పాత వర్ణక్రమం అంత విలువైనది. వాడుక భాషలోకి దాన్ని తిరిగి తెమ్మని నేను అనను. నిఘంటువుల్లో మాత్రం దాన్ని జారవిడుచుకోకూడదు.

ఇక చుట్టాల ఇళ్లకు వెళ్దాం. తమిళంలో ‘పఱ’ అంటే ఎగరడం, ‘పఱవై’ అంటే పక్షి. మలయాళంలో ‘పఱక్కుక’ ఎగరడం, ‘పాఱుక’ గాలిలో ఎగరడం, రెపరెపలాడడం. కన్నడంలో పాత పకారం చాలా చోట్ల హకారమైంది: మన పాలు వాళ్లకు హాలు, మన పులి హులి, మన పువ్వు హూవు. అదే దారిలో పాఱు ‘హారు’ అయింది, దాని అర్థం దూకడం, ఎగరడం. మనకేమో పాఱు అంటే పరుగు, నీటి పరుగు. పక్షి, దూకుడు, కాలువ మూడూ ఒకే ధాతువు నుంచి వచ్చాయంటే మొదట వినేవాళ్లకు నమ్మబుద్ధి కాదు. కానీ ఉన్నచోటు వదిలి వడిగా సాగిపోవడం అన్న అర్థాన్ని నడిమధ్య పెట్టి చూడండి. దాన్నుంచి ఒక భాష ఆకాశంలోకి, ఒక భాష గంతులోకి, మన భాష పల్లంలోకి దిగాయి.

తమిళంలో ‘పఱ’ అని పొట్టి అచ్చు, మనకు ‘పాఱు’ అని దీర్ఘం ఉన్నాయేమిటని సందేహం రావాలి. వస్తేనే శాస్త్రం మొదలవుతుంది. ఇది విడిగా జరిగిన వింత అయితే చుట్టరికం కొట్టేయాల్సిందే. అయితే ఇలాంటి జంటలు ద్రావిడ భాషల్లో వరసగా దొరుకుతాయి. తమిళులు ‘ననై’ అంటే మనం ‘నాను’ అంటాం, విత్తనాలు నానబెడతాం. తెలుగు క్రియాధాతువుల్లో ఈ హ్రస్వ దీర్ఘాల చరిత్రను నియమబద్ధంగా విడదీసి చూపినవాడు భద్రిరాజు కృష్ణమూర్తి. 1955లో ఒక వ్యాసంలో, 1961లో తెలుగు క్రియాధాతువుల మీద రాసిన పెద్ద గ్రంథంలో ఆయన ఆ పని చేశారు. అంతకు చాలా ముందే, 1816లో, మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే అధికారి, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి జోడించిన పీఠికలో తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పేర్చి, ఈ భాషలు ఒకే కుటుంబమని, సంస్కృతం నుంచి పుట్టినవి కావని వాదించారు. కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం 1856లో గానీ రాలేదు. తెలుగు ధాతువులే ఆ తొలి రుజువుకి ముడిసరుకు అయ్యాయన్న సంగతి తెలుగువాళ్లకు ఇంకా బాగా తెలిసుండాల్సింది.

నీటి కదలికకు మనం వాడే రెండో మాట ప్రవాహం. ఇది సంస్కృతం, ‘వహ్’ ధాతువు నుంచి వచ్చింది, మోయడం అని అర్థం. వాహనం, వివాహం దీని పిల్లలే. ఇంగ్లిషులో వ్యాగన్, వెహికిల్ అనే మాటలు దూరపు చుట్టాలు. అంటే మన చేతిలో రెండు మాటలున్నాయి. ఒకటి పరుగు చెబుతుంది, ఒకటి మోత చెబుతుంది. కాలువ తవ్వే ఇంజనీరుకి ఈ రెండూ కావాలి. ఎంత వేగంగా పరిగెడుతుంది, ఏం మోసుకుపోతుంది అన్నవే అతని రెండు ప్రశ్నలు.

పరుగు ప్రశ్న ముందు తీసుకుందాం. రాజమండ్రి సముద్రమట్టానికి సుమారు 14 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కణ్నుంచి సముద్రం దాదాపు 60 కిలోమీటర్లు. సగటున చూస్తే నాలుగు వేల అడుగులు నడిస్తే ఒక్క అడుగు పల్లం. కంటికి ఇది బల్లపరుపు. నీటికి మాత్రం ఇది చాలు. నీరు పల్లమెరుగు అన్న సామెత ఈ నేల మీద అక్షరాలా నిజం. 1847లో మొదలుపెట్టి 1852కి ఆర్థర్ కాటన్ పూర్తి చేసిన గోదావరి ఆనకట్ట చేసిన పని కూడా ఈ కాస్త వాలును వాడుకోవడమే. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఏటికి అడ్డంగా కట్టి, నీటిమట్టాన్ని కొన్ని అడుగులు పైకి లేపి, కాలువల ముఖంలో పోశారు. అక్కణ్నుంచి సముద్రం దాకా తోసేవాళ్లు ఎవరూ లేరు. పది లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు ఇలా పారుతోంది. పాత ఆనకట్ట స్థానంలో 1970లో మొదలుపెట్టి 1982కి కట్టిన బ్యారేజీ కూడా అదే సూత్రం మీద నడుస్తోంది.

నది డెల్టాలో ఇంకో సదుపాయం ఉంది. ప్రతి వరదకూ ఏరు పొర్లి తన ఒడ్డునే ఎక్కువ ఒండ్రు పోస్తుంది, దూరం పోయేకొద్దీ తక్కువ పోస్తుంది. అందుకని ఏటిగట్టు పక్క నేల మెరక, దూరం నేల పల్లం. కాలువలను మెరక మీద నడిపి, మురుగు కాలువలను పల్లంలో పెడితే చేను మీదుగా నీరు తనంతట తానే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దిగుతుంది. సప్త గోదావరుల్లో ఒకటిగా పెద్దలు చెప్పే తుల్యభాగ ఇప్పుడు ఈ తూర్పు డెల్టాలో మురుగు మోసే డ్రెయిన్‌గా మిగిలింది. పాపనాశని అని స్నానాలు చేసిన పాయకు ఆ గతి పట్టడం చూస్తే మనసు చివుక్కుమంటుంది, కానీ పల్లంలో ఉన్నది కాబట్టే ఆ పని దానికి పడింది.

ఇంతకీ వాలు మీద జారే రాయి క్షణక్షణానికి వేగం పెంచుకుంటుంది కదా, కాలువ నీరు ధవళేశ్వరం దగ్గర మొదలై సముద్రం చేరేసరికి తుపాకీ గుండులా ఎందుకు దూసుకుపోదు? అడుగు, గట్లు రాపిడితో పట్టి ఆపుతాయి గనుక. పల్లం లాగే లాగుడు, మట్టి పట్టే పట్టు సరిసమానమైన చోట వేగం నిలకడపడుతుంది. ఈ నిలకడ వేగాన్ని లెక్కకట్టే సూత్రాన్ని 18వ శతాబ్దంలో ఆంత్వాన్ షెజీ అనే ఫ్రెంచి ఇంజనీరు, పారిస్ నగరానికి ఇవెట్ నది నీళ్లు తెచ్చే కాలువ కోసం కనిపెట్టాడు. వేగం వాలుకు వర్గమూలంగా పెరుగుతుంది అన్నది అందులోని కీలకం. వేగం రెట్టింపు కావాలంటే వాలు నాలుగింతలు కావాలి. 1889లో ఐర్లండు ఇంజనీరు రాబర్ట్ మానింగ్ దాన్ని సానబెట్టి చూపిన రూపమే నేటికీ వాడుకలో ఉంది. లోతు, వాలు, గరుకుదనం మూడూ చెబితే వేగం వస్తుంది.

మన దేశపు మట్టి కాలువకు లెక్క వేద్దాం. లోతు మీటరున్నర, వాలు అయిదు వేలకు ఒకటి, గట్లు శుభ్రంగా ఉన్నాయనుకుంటే మానింగ్ సూత్రం సెకనుకు ముప్పావు మీటరు చెబుతుంది. గంటకు 2.7 కిలోమీటర్లు. తీరికగా నడిచే మనిషి ఇంతకంటే ముందుంటాడు! పరుగు అనే మాటతో పిలిచిన నీరు నిజానికి నడకలో ఉంది. ‘పారు’ పుట్టింది కాలువలు తవ్వని కాలంలో, కొండవాగులను చూసిన కళ్లతో అయి ఉండాలని నాకనిపిస్తుంది.

నెమ్మదిగా పారడం కాలువకు లోపం కాదు, అలాగే కావాలని కట్టారు. అప్పట్లో గూడుపడవలు ఎదురెక్కాల్సి ఉండేది, గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగాల్సి ఉండేది. మిగిలిన ఎత్తును లాకుల దగ్గర ఒక్కసారిగా దించేశారు. ఇంతకంటే పెద్ద కారణం ప్రవాహం అనే రెండో మాటలో ఉంది: మోత. గోదావరి నీరు ఒండ్రు మోసుకొస్తుంది. వేగం మరీ తగ్గితే ఒండ్రు దిగి కాలువ పూడిపోతుంది, మరీ పెరిగితే అడుగు, గట్లు కోసుకుపోతాయి. పూడకుండా, కోసుకోకుండా ఉండే వేగమెంత? ఈ ప్రశ్నకు 1895లో ఆర్.జి. కెనెడీ పంజాబులోని ఎగువ బారీ దోఆబ్ కాలువ మీద కొలతలు తీసి జవాబు చెప్పాడు. ఆయన సూత్రంలో మీటరున్నర లోతు పెడితే సెకనుకు దాదాపు 70 సెంటీమీటర్లు వస్తుంది. పంజాబు ఒండ్రు వేరు, మన ఒండ్రు వేరు. అయినా పైన మనం వేసిన లెక్కకు అది ఎంత దగ్గరగా ఉందో చూడండి. పరుగూ మోతా రాజీపడే చోటే మంచి కాలువ ఉంటుంది.

ఇప్పుడు ఈ అధ్యాయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. ధవళేశ్వరంలో తలుపులు ఎత్తి కాలువలోకి నీరు పెంచారనుకోండి. రామచంద్రపురం దాకా కాలువ వెంట 35 కిలోమీటర్లు అనుకుందాం. గంటకు 2.7 కిలోమీటర్ల చొప్పున ఆ నీరు చేరడానికి 13 గంటలు పట్టాలి. కానీ రామచంద్రపురం దగ్గర మట్టం అంతకు చాలా ముందే లేస్తుంది. కొత్త నీరు రాకుండానే నీరు పెరుగుతుంది!

ఎలాగంటే, తలుపు దగ్గర లోతు పెరగ్గానే అక్కడ వేగమూ పెరుగుతుంది. ముందున్న నీటిని వెనక నీరు నెడుతుంది, అది దాని ముందుదాన్ని నెడుతుంది. గాలి వీచినప్పుడు వరిచేను మీద అల ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోతుంది, ఏ మొక్కా దుబ్బు వదిలి కదలదు. కాలువలో నీరూ కదులుతుంది, దాని మీదుగా ఉబ్బు ఇంకా వేగంగా కదులుతుంది. వెడల్పాటి కాలువలో మానింగ్ సూత్రం ప్రకారం ఈ ఉబ్బు వేగం నీటి వేగానికి మూడింట అయిదు వంతులు, అంటే ఒకటిన్నర రెట్ల పైమాట. 1955లో లైట్‌హిల్, విథమ్ అనే ఇద్దరు గణితవేత్తలు నదుల వరదలకూ రోడ్డు మీద వాహనాల రద్దీకీ కలిపి ఈ తరహా అలల సిద్ధాంతాన్ని స్థిరపరిచారు. మన లెక్కలో ఉబ్బు 8 గంటల్లో వస్తుంది, దాన్ని పంపిన నీరు 13 గంటలకు వస్తుంది. లాకులు, రెగ్యులేటర్లు అడ్డం ఉంటాయి కాబట్టి అసలు కాలువలో ఈ గంటలు మారతాయి, ముందు వెనకలు మాత్రం మారవు. వేసవి కట్టివేత తర్వాత ఎండిన కాలువలోకి తొలిసారి వదిలిన రోజు మాత్రం ఈ తేడా ఉండదు. ముందు నెట్టడానికి నీరే లేదు కదా, ఆ రోజు నీరూ ఉబ్బూ కలిసే వస్తాయి. పైగా నెర్రెలు తాగేది పోను మిగిలిందే ముందుకు సాగాలి.

ఇక్కడ తెలుగు ఏం చేస్తుందో వినండి. “వాగు వచ్చింది” అంటాం. “ఏరు వచ్చింది”, “వరద వచ్చింది” అంటాం. వాగు ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది, అయినా వచ్చిందంటాం. వచ్చింది ఉబ్బు. ఆ వాగులోని నీటిని గురించి చెప్పాల్సి వస్తే “నీరు పారుతోంది” అంటాం. అలకు ‘వచ్చు’, నీటికి ‘పారు’. మన పూర్వులకు అలల గణితం తెలుసని చెప్పడం లేదు, అలాంటి గొప్పలు భాషకు మేలు చేయవు. ఒడ్డున నిలబడి చూసేవాడికి ఇవి రెండు వేరు సంఘటనలుగా కనిపించాయి, రెండు క్రియలు దొరికాయి. చూపు నిశితంగా ఉంది. అంతే, అదే గొప్ప సంగతి.

డెల్టా వాళ్లు వర్షాకాలంలో భద్రాచలం మట్టం కోసం ఎందుకు చెవులు రిక్కించుకుని ఉంటారో కూడా ఈ ఉబ్బే చెబుతుంది. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. పాపికొండలు దాటి, పోలవరం దాటి ఆ ఉబ్బు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. పిల్లలను, పశువులను గట్టెక్కించుకోవడానికి లంకవాసులకు దొరికే వ్యవధి అదే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు లేచినప్పుడు ధవళేశ్వరం మీదుగా సెకనుకు 35 లక్షల ఘనపుటడుగుల నీరు పోయింది. 2022 జూలైలో మళ్లీ 71 అడుగులు దాటింది.

చివరగా గరుకుదనం. మానింగ్ సూత్రంలో ఇది చిన్న అంకె, శివారు రైతుకు మాత్రం ఇదే ప్రాణం. కాలువలో గుర్రపు డెక్క, తూడు పెరిగితే గరుకుదనం రెట్టింపు కావడం పెద్ద విశేషం కాదు. అప్పుడు అదే లోతులో వేగం సగమవుతుంది. అంత నీటినీ మోయాలంటే లోతు సగం పైగా పెరగాలి, మీటరున్నర కాస్తా రెండుంబావు అవ్వాలి. గట్టు అంత ఎత్తు లేకపోతే కాలువ చూసుకునే లస్కరు పైనే నీరు తగ్గించాల్సి వస్తుంది. అందుకే ఎగువన వంతెన మీంచి చూసేవాడికి కాలువ నిండుగా కనిపిస్తుంది, శివారు చేలు బీటలు వారుతుంటాయి. “కాలువ నిండా నీళ్లే కదా, మీకేం లోటు?” అని శివారు వాళ్లను తప్పుపట్టేవాళ్లు మట్టాన్ని చూసి పారుదల అనుకుంటున్నారు. నిండడం వేరు, పారడం వేరు. వేసవిలో తూడు తీయడానికి పెట్టే ఖర్చు నాకు తెలిసినంతలో డెల్టాలో అన్నిటికంటే చవకైన నీటి పథకం.

దీన్ని ఎవరైనా కొలిచి చూడొచ్చు. కాలువ తిన్నగా ఉన్న చోట గట్టు మీద ఇరవై మీటర్ల దూరంలో రెండు పుల్లలు పాతండి. పై పుల్లకు కాస్త ఎగువన, కాలువ నడిమధ్యకు సగం మునిగి తేలే కొబ్బరికాయను విసరండి. ఎండు ఆకైతే గాలికి కొట్టుకుపోతుంది. మొదటి పుల్ల నుంచి రెండో పుల్లకు ఎన్ని సెకన్లు పట్టిందో సెల్‌ఫోనులో చూసుకుని, ఇరవైని దానితో భాగించండి. పైన నీరు లోపలి నీటి కంటే వేగంగా పోతుంది, అడుగు రాపిడి దాకా పోయేకొద్దీ నెమ్మదిస్తుంది, కాబట్టి వచ్చిన అంకెను 0.85తో గుణిస్తే మొత్తం నీటి సగటు వేగం వస్తుంది. దాన్ని వెడల్పుతోనూ సగటు లోతుతోనూ గుణిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లు పారుతోందో తెలుస్తుంది. ముప్పై అయిదుతో గుణిస్తే దాదాపుగా క్యూసెక్కులు. తూడు తీయకముందు ఒకసారి, తీశాక ఒకసారి కొలిచి, రెండు అంకెలనూ కాగితం మీద పక్కపక్కన రాసి నీటి సంఘం సమావేశానికి పట్టుకెళ్లండి.